గుర్రమును మొదటిసారి ప్రదర్శనమునకు గొనిపోవు రైతులకు సూచనలు

పొలమును, పశువులను గల రైతులలో కొందరు గుర్రమును గూడ పెంచి ప్రదర్శనములో నిలుపగోరుదురు. వీరిలో పెక్కుమంది అధికమైన వెల పెట్టి గుర్రమును కొని, ప్రదర్శనము పది దినములున్నదనగా దానిని సిద్ధపరుప మొదలిడుదురు. ఈ పద్ధతి మంచిది కాదు. పరీక్షకులు చూచునది గుర్రపు వెల గాదు. దాని అవయవముల పొందిక, నడక, ఆరోగ్యము, అణకువ. వీనిలో మొదటిది పుట్టుకతో వచ్చునది. తక్కినవి చాలవరకు రైతు చేతిలోనివి. వానికి రెండు మూడు మాసముల పాటు నిత్యకృషి వలయును.

1. మొదట చూచుట, పిమ్మట కొనుట

1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో నుండి ఇప్పుడు మహారాష్ట్రలో చేరియున్న నాందేడు జిల్లాలో మాళేగాం ఖండోబా జాతర మార్గశిర మాసమున జరుగును. తపతీ తీరమున సారంగ్‌ఖేడాలో దత్త జయంతికి జరుగు జాతరయు గుర్రములకు ప్రసిద్ధము. క్రొత్తవాడు ఒక పర్యాయము గుర్రము లేకయే ఇట్టి చోటికి పోయి చూచివచ్చుట మేలు. మార్వాడీ, కాఠియావాడీ జాతుల గుర్రములకు చెవులు లోపలికి వంగి, కొనలు ఒకదానికొకటి చేరుచుండును. జాతిని బట్టి జరుగు పరీక్షలో ఇట్టి లక్షణములు ముఖ్యములు. కొనునపుడు అమ్మువాని మాటనే నమ్మక పండ్లను చూడవలెను. ముందరి పండ్లలో నడిమి జత రెండున్నర ఏండ్లకును, దాని ప్రక్క జత మూడున్నర ఏండ్లకును, చివరి జత నాలుగున్నర ఏండ్లకును మారును.

2. మేతయు డెక్కలును

ఎద్దునకు వలె నాలుగు అరల పొట్ట గుర్రమునకు లేదు. దాని పొట్ట చిన్నది. పైగా అది వాంతి చేసికొనలేదు. అందుచేత దాణాను ఒక్కమారుగా పెట్టక దినమునకు మూడు భాగములుగా పెట్టవలెను. ప్రదర్శనమునకు ముందు త్వరగా బలియుటకై ఉలవలు హెచ్చించినచో శూల వచ్చి గుర్రము చచ్చుటయు కలదు. మేతలో ఏ మార్పునైనను వారము పది దినములలో కొంచెము కొంచెముగా చేయవలెను. బూజు పట్టిన గడ్డి పనికిరాదు.

డెక్కలను ఆరు మొదలు ఎనిమిది వారముల కొకమారు చెక్కింపవలెను. క్రొత్త లాడములు ప్రదర్శనమునకు వారము ముందే వేయించినచో వానికి గుర్రము అలవాటుపడును. ప్రతిదినము గొరపముతో మట్టి రాల్చి, పిమ్మట మెత్తని కుంచెతో ఒడలు రుద్దవలెను. ఇట్లు వచ్చు నిగనిగ నూనె పూయుటచే రాదు.

3. నిలుపుట, నడిపించుట

దినమునకు పదునైదు నిమిషములు చాలును. నడిపించువాడు గుర్రమునకు ఎడమ ప్రక్కన నుండి, కుడిచేత పగ్గమును, ఎడమచేత మిగిలిన త్రాటిని పట్టవలెను. త్రాటిని చేతికి చుట్టుకొనకూడదు. గుర్రము బెదరినచో మనుష్యుని ఈడ్చుకొనిపోవును. మొదట కదలక నిలుచుట, తరువాత తిన్నగా నడచుట, పిమ్మట చిన్న పరుగు నేర్పవలెను. త్రిప్పునపుడు గుర్రమును కుడివైపునకు, అనగా తననుండి అవతలకు, త్రిప్పవలెను. అట్లయినచో కాలు త్రొక్కదు. జనసందడికిని, మేళముల ధ్వనికిని ముందుగానే అలవాటు చేయవలెను.

చిన్న పరుగులో కుంటు బయటపడును. నొప్పిగల ముందరికాలు నేల తాకినపుడు గుర్రము తల పైకెత్తును. అట్టి గుర్రమునకు విశ్రాంతియు చికిత్సయు కావలెను. నొప్పి తెలియకుండ మందు పెట్టి నిలిపినచో బహుమానము మాట అటుంచి, కాలే శాశ్వతముగా చెడిపోవచ్చును.

4. రోగ పరీక్ష

గ్లాండర్స్ అను అంటురోగము గుర్రము, గాడిద, కంచరగాడిదలకు వచ్చును. మనుష్యులకును సోకి ప్రాణము తీయగలదు. ముక్కునుండి చీము కారుట, చర్మము క్రింద గడ్డలు లేచి పగులుట దీని గుర్తులు. కొన్ని గుర్రములలో ఏ గుర్తును పైకి కానరాదు. దీనికి టీకా లేదు. 2009 సంవత్సరపు పశురోగ నివారణ చట్టము క్రింద రోగము తేలిన గుర్రమును చంపవలసివచ్చును. కాబట్టి బయలుదేరుటకు ముందు పశువైద్యునిచే రక్తపరీక్ష చేయించి పత్రమును పొందవలెను. ప్రదర్శన స్థలమున అందరి గుర్రములు త్రాగు తొట్టిలో నీరు పెట్టక, సొంత బకెట్టును, సొంత మేతను కొనిపోవలెను.

5. ప్రదర్శన దినము

ఒక దినము ముందుగా చేరి గుర్రమునకు విశ్రాంతి నీయవలెను. మొదటిసారి దగ్గరి ఊరి చిన్న ప్రదర్శనమే తగినది. తీర్పు ముగిసిన పిమ్మట, బహుమానము రాకున్నను, లోపమేదో పరీక్షకుని వినయముగా అడిగి తెలిసికొనవలెను. ఆ లోపము మేతలోనిదైనను, డెక్కలలోనిదైనను, నడకలోనిదైనను మరుసటి సంవత్సరమునకు దిద్దుకొన వీలున్నది. అట్లు తెలిసికొనక మరింత వెలగల గుర్రమును కొన్న రైతునకు ఖర్చు పెరుగునే గాని నేర్పు పెరుగదు.