మోటు నవ్వుల జ్ఞాపకము

నాడు పెద్దలు ఈసడించినదే, ఆ పిల్లలు పెద్దవారైన పిదప ముచ్చటగా తలచుకొనుట లోకమున క్రొత్త కాదు. అమెరికాలో 1990 దశకమున యౌవనములో అడుగిడినవారికి 'బీవిస్ అండ్ బట్‌హెడ్' అను టెలివిజన్ బొమ్మల హాస్యము అట్టి జ్ఞాపకము.

దీని సృష్టికర్త మైక్ జడ్జి. భౌతికశాస్త్రము చదివిన ఈయన బొమ్మలకు చలనము కల్పించుట స్వయముగా నేర్చుకొనెను. ఇరువురు నాయకులకును గొంతు ఆయనదే. 1993 మార్చి 8న ఎమ్‌టీవీలో ప్రారంభమైన ఈ ధారావాహిక తొలి ప్రసారము 1997 నవంబరులో ముగిసెను. గీతలు వంకర, మాటలు మోటు, కథ నామమాత్రము. ఇద్దరు బడిపిల్లలు సోఫాలో కూలబడి, టెలివిజన్‌లో పాటల దృశ్యములు చూచుచు, వెక్కిరించుచు, ఇకిలించుచుందురు. వారిని చూచి నవ్విన కుర్రవారును అట్లే సోఫాలో కూర్చుండి అదే టెలివిజన్ చూచుచుండిరి! ఎవరు ఎవరిని చూచి నవ్విరో వారికే తెలియదు.

ఆ నవ్వు మీద ఒక విషాదచ్ఛాయ పడినది. 1993లో ఒహాయో రాష్ట్రమున ఐదేండ్ల బాలుడు అంటించిన నిప్పులో అతని రెండేండ్ల చెల్లెలు మరణించెను. ఈ బొమ్మలే కారణమని తల్లి వాపోయెను. అది ఎంతవరకు నిజమన్న వాదము తెగలేదు. కాని ప్రసారసంస్థ నిప్పు ప్రస్తావనలను తొలగించి, ప్రదర్శనను రాత్రి ప్రొద్దుపోయిన వేళకు మార్చెను. నాటి నవ్వులను నెమరువేయువారు ఈ సంగతిని మరువరాదు.

అయితే ఆ గీతలలో వెకిలితనము మాత్రమే యున్నదా? ఆ ధారావాహికలో ఆ పిల్లల తల్లిదండ్రులు కంటికి కనబడరు. మందలించువారు లేరు, అన్నము తింటిరా యని అడుగువారు లేరు. గిటారు చేతబట్టి, మెత్తని మాటలతో వారిని దరిజేర్చుకొనజూచు వాన్ డ్రీసెన్ అను ఉపాధ్యాయుడు కలడు. ఆయన మాట వారి చెవి కెక్కదు. అయినను ఆయన విసుగు చెందడు. పదునైదేండ్ల ప్రేక్షకునికి ఆ ఉపాధ్యాయుడు నవ్వులాటకు గురియైన అమాయకుడు. అతడే నలుబదియేండ్లవాడై మరల చూచినపుడు, అందరికంటె ముందుగా కనబడునది ఆ ఉపాధ్యాయుడే.

గడచినది గడచినట్లు తిరిగి రాదు. పాటల హక్కుల చిక్కువలన తరువాతి డిస్కులలో ఆ వెక్కిరింపులు పెక్కు లోపించెను. 2011లోను, 2022లోను ధారావాహిక పునఃప్రారంభమయ్యెను. 2022 నాటి కొన్ని కథలలో ఆ ఇద్దరును నడివయసు వారై, ఆ సోఫాలోనే కూర్చుండి ఇకిలింతురు.

వారు ఎదుగలేదు; చూచినవారు ఎదిగిరి. తరగతిలో వెనుక బల్లపై కూర్చుండి ఇకిలించు కుర్రవానిని చూచినపుడు, వానికి ఇంటివద్ద ఎవరున్నారో ఒక్కమారు కనుగొన్న ఉపాధ్యాయుడు ఆ నవ్వును వేరుగా వినును.