రై విస్కీ రుచి: నాలుక చెప్పేది, చెప్పలేనిది

ఖతార్ రాజధాని దోహాలోని అబూ హమూర్‌లో ఖతార్ డిస్ట్రిబ్యూషన్ కంపెనీ దుకాణం ఉంది. అనుమతి పత్రం గలవారికి మాత్రమే అక్కడ మద్యం విక్రయిస్తారు. 2019 జనవరి 1న మద్యంపై నూరు శాతం ఎక్సైజ్ పన్ను అమలులోకి వచ్చింది. కావున అమెరికాలో సామాన్యుడు కొనగలిగే రై విస్కీ సైతం అక్కడ చౌక కాదు. ఇంతకూ చౌక విస్కీకీ, ఖరీదైన విస్కీకీ గల భేదమేమిటి? ఆ భేదాన్ని నాలుక ఎంతవరకు పసిగట్టగలదు?

రై గోధుమకు దగ్గరి బంధువు. శీతల ప్రదేశాలలో పండే ధాన్యం. అమెరికా నిబంధనల ప్రకారం రై విస్కీ ధాన్యమిశ్రమంలో కనీసం 51 శాతం రై ఉండాలి. స్వేదనం చేసిన ద్రవాన్ని, లోపలివైపు కాల్చిన కొత్త ఓక్ పీపాలలో నిల్వచేయాలి. 'స్ట్రెయిట్' అనిపించుకోవాలంటే కనీసం రెండు సంవత్సరాలు నిలువ ఉండాలి. పీపాలో ఉన్నంతకాలం కొంత ద్రవం ఆవిరవుతూనే ఉంటుంది. గిడ్డంగి ఖర్చూ పెరుగుతుంది. అందువలన తక్కువ ధర సీసాలో సాధారణంగా తక్కువ వయసు విస్కీయే ఉంటుంది. అందులో ధాన్యపు ఘాటు ముందుగా, కలప పరిమళం ఆ తరువాత తెలుస్తాయి.

ఓక్ కలపలోని లిగ్నిన్ వేడికి విచ్ఛిన్నమై, వెనిలా వాసననిచ్చే వెనిలిన్ పుడుతుంది. లవంగానికి వాసననిచ్చే యూజినాల్ ఓక్‌లోనూ ఉంది. ఓక్ లాక్టోన్లు కొబ్బరిని తలపిస్తాయి. విస్కీలో చక్కెర దాదాపు లేకున్నా తియ్యదనం తోచడానికి ఈ వాసనలే కారణం. నాలుక గుర్తించేవి ప్రధానంగా అయిదు రుచులే. తక్కినదంతా నోటి వెనుకగా ముక్కుకు చేరే వాసనల మహిమ.

గొంతులోని మంట మాత్రం రుచీ కాదు, వాసనా కాదు. గుంటూరు మిరపలోని క్యాప్సైసిన్ ప్రేరేపించే నాడీగ్రాహకాన్నే ఆల్కహాలూ ప్రేరేపిస్తుంది. టిఆర్‌పివి1 అనే ఈ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. సుమారు 42 డిగ్రీల సెల్సియస్ వేడికి స్పందించే ఈ గ్రాహకం, ఆల్కహాలు తగిలినప్పుడు దాదాపు 34 డిగ్రీలకే స్పందిస్తుందని 2002లో తేలింది. అనగా మన శరీరపు సహజమైన వేడే మనకు మంటగా తోస్తుంది!

రుచి పరీక్షకులు కొన్ని చుక్కల నీరు కలపడం ఇందుకే. మంట తగ్గుతుంది. పైగా, పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అణువులు నీరు కలిపినప్పుడు ద్రవం ఉపరితలానికి చేరుతాయని 2017లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కంప్యూటర్ గణనల ద్వారా చూపారు.

ఇంతటి సూక్ష్మగ్రాహ్యత గల ముక్కు, నాలుక ఒక్క విషయంలో మాత్రం నమ్మదగినవి కావు. కల్తీ మద్యంలోని మిథనాల్‌కు రుచి, వాసన మామూలు ఆల్కహాలు వలెనే ఉంటాయి. కాలేయంలో అది ఫార్మాల్డిహైడ్‌గా, ఆపై ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినాడిని దెబ్బతీస్తుంది. మద్యం పూర్తిగా నిషిద్ధమైన కువైట్‌లో 2025 ఆగస్టులో కల్తీ మద్యం వలన 160 మంది విషప్రభావానికి లోనయ్యారనీ, 23 మంది మరణించారనీ ఆ దేశ ఆరోగ్యశాఖ ప్రకటించింది. బాధితులు ఆసియా దేశాలవారు.

ఈ విషపు లక్షణాలు కొన్ని గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు మరునాటికి గాని బయటపడవు. వాంతులు, కడుపునొప్పి, చూపు మసకబారడం కనిపించిన వెంటనే ఆసుపత్రికి చేరితే ఫోమెపిజోల్ వంటి విరుగుడు, డయాలిసిస్ ప్రాణాన్నీ చూపునూ కాపాడగలవు. శిక్షకు వెరచి గదిలోనే గడిపే గంటలే అన్నిటికంటె ప్రమాదకరం.