పరికరం మారినా చేయి మారలేదు
కాన్వాసు నుంచి కంప్యూటరు పలక దాకా డేవిడ్ హాక్నీ చిత్రకళ

ఫ్లెక్సీలు వచ్చాక మన పల్లెల్లో గోడల మీద, దుకాణాల బోర్డుల మీద అక్షరాలు రాసే ఆర్టిస్టులకు పని బాగా తగ్గిపోయింది. రెండు మూడు రోజులు పట్టే బోర్డు ఇప్పుడు గంటలో చేతికి వస్తోంది. కంప్యూటరు కుంచెను మింగేసిందన్న బాధ ఆ వృత్తిలో ఉన్నవారికి సహజం. కాగా, కుంచెతోనే ప్రపంచ ప్రసిద్ధి పొంది, డెబ్బయ్యేళ్లు దాటాక కంప్యూటరు పలక పట్టిన ఇంగ్లండు చిత్రకారుడు డేవిడ్ హాక్నీ అనుభవం ఈ విషయంలో తెలుసుకోదగినది.

ఉన్ని మిల్లుల ఊరిలో పుట్టి...

హాక్నీ 1937 జూలై 9న బ్రాడ్‌ఫర్డ్‌లో జన్మించారు. ఉత్తర ఇంగ్లండులో ఉన్ని మిల్లులకు పేరుపొందిన ఊరది. తండ్రి గుమస్తా. ఐదుగురు సంతానంలో హాక్నీ నాలుగోవారు. సొంత ఊళ్లోనే బొమ్మలు నేర్చి, 1959లో లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి, 1962లో బంగారు పతకంతో చదువు ముగించారు.

సినిమా పోస్టర్లు, సరుకుల డబ్బాలు, పత్రికల్లోని ప్రకటనలు వంటి రోజూ కనిపించేవాటిని చిత్రకళలోకి తెచ్చిన 'పాప్ ఆర్ట్' ఆ రోజుల్లోనే అక్కడ బలం పుంజుకుంది. 1961లో హాక్నీ టీ పొట్లాన్నే బొమ్మగా వేశారు. ఆ కొత్త ధోరణికి పేరు తెచ్చినవారిలో ఆయన ఒకరు.

1964లో అమెరికాలోని కాలిఫోర్నియా వెళ్లారు. 1967లో అక్కడ వేసిన 'ఎ బిగ్గర్ స్ప్లాష్' చిత్రంలో ఒక ఈతకొలను, ఎవరో దూకగా పైకెగసిన నీళ్లు కనిపిస్తాయి. రెండు సెకన్లలో అణిగిపోయే ఆ నీటి చిమ్మును చిన్న కుంచెలతో వేయడానికి ఆయనకు రెండు వారాలు పట్టింది. 1972లో వేసిన మరో ఈతకొలను చిత్రం 2018 నవంబరులో న్యూయార్కు వేలంలో 9 కోట్ల డాలర్లకు పైగా పలికింది. జీవించి ఉన్న చిత్రకారుని చిత్రానికి వేలంలో అంత ధర రావడం అప్పటికి అదే ప్రథమం.

యంత్రమంటే జంకు లేదు

కొత్త యంత్రం ఏది వచ్చినా దానితో బొమ్మ వేయవచ్చునా అని పరీక్షించడం హాక్నీకి అలవాటు. 1982లో వెంటనే ఫొటో వచ్చే పోలరాయిడ్ కెమెరాతో తీసిన ముక్కలను పక్కపక్కన పేర్చి చిత్రాలు కూర్చారు. 1986లో ఆఫీసుల్లో వాడే జిరాక్సు యంత్రంతో రంగుల అచ్చులు తీశారు. 1989లో ఒకే బొమ్మను 144 కాగితాలుగా చేసి, అమెరికా నుంచి ఇంగ్లండుకు ఫ్యాక్సులో పంపారు. అక్కడివారు వాటిని వరసగా గోడకు అతికిస్తే బొమ్మ పూర్తయింది.

2007లో స్వదేశంలోని యార్క్‌షైర్ పల్లె ప్రాంతంలో చెట్ల గుంపును చిత్రించడానికి పూనుకున్నారు. 50 కాన్వాసులు కలిపితే 40 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు గల తైలవర్ణ చిత్రమది. ఆరుబయట ఒకసారి కొన్ని కాన్వాసులు మాత్రమే నిలబెట్టగలరు. దూరం జరిగి మొత్తం చిత్రం చూసుకునే వీలు లేదు. అందుచేత వేసినవాటిని ఎప్పటికప్పుడు ఫొటోలు తీసి, కంప్యూటరులో కలిపి చూసుకునేవారు. రంగు వేసింది చేయి. వెనక్కి జరిగి చూసే పని మాత్రం కంప్యూటరు చేసింది.

బొటనవేలే కుంచె

2009 నాటికి ఆయన చేతిలోకి ఐఫోన్ వచ్చింది. ఉదయాన్నే బొటనవేలితో పూలబొమ్మలు వేసి మిత్రులకు పంపేవారు. 2010లో పలకంత ఐప్యాడ్ రాగానే దానినీ అందుకున్నారు. నీళ్లు కలపనక్కరలేదు, కుంచె కడగనక్కరలేదు, రంగు ఆరేదాకా ఆగనక్కరలేదు. తెరకు వెలుగు ఉంటుంది గనుక తెల్లవారకముందే చీకట్లో కూర్చుని సూర్యోదయం వేయవచ్చు. మరో విశేషమేమంటే, బొమ్మ ఏ గీతతో మొదలై ఏ గీతతో ముగిసిందీ తిరిగి ఆడించి చూసుకోవచ్చు.

2011లో వోల్డ్‌గేట్ అనే పల్లె బాట మీదికి వసంతం వచ్చిన తీరును 51 ఐప్యాడ్ బొమ్మల్లో చూపారు. వాటిని కాగితంపై పెద్దవిగా అచ్చువేయించి, అదే దృశ్యంపై 32 కాన్వాసులతో వేసిన తైలవర్ణ చిత్రాన్ని వాటి సరసన నిలిపారు. 2012లో లండనులో ఇవి ఉన్న ప్రదర్శనను 6 లక్షల మందికి పైగా చూశారు.

2018లో వెస్ట్‌మినిస్టర్ అబే చర్చిలో ఆవిష్కరించిన ఒక రంగుటద్దాల కిటికీకి ఆయన ఐప్యాడ్ మీద నమూనా గీశారు. గాజును కోసి, సీసంతో అతికి ఆ కిటికీని తయారుచేసినవారు మాత్రం తరతరాల పద్ధతి తెలిసిన చేతిపనివారే.

తొంభై మీటర్ల బొమ్మ

2019లో ఫ్రాన్సులోని నార్మండీ పల్లెకు మకాం మార్చారు. కరోనా కాలమైన 2020లో ఇంటి చుట్టూ ఉన్న చెట్లను, చెరువును ఐప్యాడ్‌పై వేస్తూ పోయారు. వాటిని కలిపి కూర్చిన 90 మీటర్ల పొడవైన చిత్రాన్ని 2021లో పారిస్‌లో ప్రదర్శించారు. ఆ ప్రాంతంలోనే ఉన్న 11వ శతాబ్దపు బాయూ కుట్టుపని వస్త్రం ఇందుకు ప్రేరణ. దాదాపు 70 మీటర్ల ఆ గుడ్డపై ఒక యుద్ధకథ వరసగా నడుస్తుంది. పటం విప్పుతూ కథ చెప్పే మన చేర్యాల పటాలు చూసినవారికి ఈ పద్ధతి సులభంగానే అర్థమవుతుంది.

అప్పటికే ధనం, కీర్తి గడించిన హాక్నీతో పని పోయిన పల్లె ఆర్టిస్టును పోల్చలేము. ఫ్లెక్సీ తీసుకుపోయిన కూలి ఆయన కథ విన్నంత మాత్రాన తిరిగి రాదు. అయినా ఒక విషయం స్పష్టం. ఐప్యాడ్‌కు చెట్టు తెలియదు. యాభై ఏళ్లు చెట్టును చూసి గీసిన చేయి దానిపై పడినందువల్లనే ఆ వసంతం వచ్చింది. నేడు ఫ్లెక్సీలన్నీ ఒకే పోలికలో ఉండడానికి కారణం కూడా ఇదే. సిద్ధంగా ఉన్న బొమ్మలను తెచ్చి అతికిస్తున్నారే గాని గీసేవారు తక్కువ. అక్షరం ఒంపు తెలిసిన పాత ఆర్టిస్టును ఆ కంప్యూటరు ముందు కూర్చోబెడితే బోర్డుకు మళ్లీ ఒక చేవ్రాలు వస్తుంది. ఆ పని నేర్పే పూచీ ఎవరైనా తీసుకుంటే మన ఊళ్లకూ మంచిది, వారికీ మంచిది.