గోతి అంచున డేగ

నింజా గైడెన్ అనే వీడియో గేమ్ ఆడినవాళ్లకు పెద్ద రాక్షసుల పేర్లు గుర్తుండకపోవచ్చు గానీ, డేగను మాత్రం మరచిపోరు. గోతి మీంచి దూకే క్షణానికే ఎదురుగా దూసుకొస్తుంది. తగిలినంత మాత్రాన ప్రాణం పోదు, ఒక్క కుదుపుతో వెనక్కి నెట్టేస్తుంది. వెనకున్నది గొయ్యి. తమాషా ఏమిటంటే, కథానాయకుడు ర్యూ ఇంటిపేరు హయబుసా. మన కుర్రకారుకు బైకుగా తెలిసిన ఆ మాటకు జపనీస్‌లో అర్థం భైరిడేగ.

జపాన్ కంపెనీ టెక్మో 1988 డిసెంబరులో నింటెండో వారి గేమ్ యంత్రం ఫామికామ్ మీద దీన్ని విడుదల చేసింది. అక్కడి పేరు నింజా ర్యూకెన్‌దెన్, రూపకర్త హిదెయో యోషిజావా. మరుసటి ఏడాది అమెరికా చేరి నింజా గైడెన్ అయింది. 90లలో మన ఇళ్లలో టీవీలకు తగిలించుకున్న వీడియో గేమ్ డబ్బాలు చాలామటుకు ఈ ఫామికామ్‌కు నకళ్లే.

1983లో వచ్చిన ఆ యంత్రానికి పని చేసుకోవడానికి ఉన్న జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు. ఇప్పటి యూనికోడ్ లెక్కన తెలుగు రాస్తే, ఈ వ్యాసంలో రెండు మూడు పేరాలకే నిండిపోతుంది. ర్యూ ఎక్కడున్నాడు, ఎంత ప్రాణం మిగిలింది, కత్తి ఏ భంగిమలో ఉంది, అన్నీ ఆ ఇరుకులోనే సర్దుకోవాలి. అందుకని చచ్చిన మామూలు శత్రువుల పద్దు ఈ ఆట రాసుకోదు. ఫలానా చోట ఫలానావాడు పుట్టాలని మాత్రం ఆట ఉన్న క్యాసెట్‌లో రాసి ఉంటుంది. ఆ చోటు తెరమీదికి రాగానే వాడు పుడతాడు, తెర దాటితే లేనట్టే. భయపడి నాలుగడుగులు వెనక్కి వేసి మళ్లీ ముందుకెళ్తే, ఇందాక నరికినవాడు చెక్కుచెదరకుండా నిలబడి ఉంటాడు. ఆగకుండా పరుగెత్తేవాడిదే ఈ ఆట. పిరికివాడికి ఇందులో చోటు లేదు.

అయినా జనం దీన్ని తలుచుకునేది కష్టానికి ఒక్కదానికే కాదు, సినిమాలాంటి దృశ్యాలకు కూడా. నిండు చందమామ, గడ్డిమైదానం, ఎదురెదురుగా పరుగెత్తుకొచ్చి గాల్లోకి లేచే ఇద్దరు నింజాలు. ఒకడు కూలిపోతాడు. అతడే ర్యూ తండ్రి. ఆ కబురుతోనే కథ మొదలవుతుంది, ఘట్టం ముగిసినప్పుడల్లా మరో దృశ్యం. ఫామికామ్ బొమ్మ గీసే పద్ధతి గచ్చుమీద పలకలు పరిచినట్టు ఉంటుంది. తెర నిండాలంటే 960 పలకలు కావాలి. కానీ ఒక్కసారికి అందుబాటులో ఉండే రకాలు 256. ముగ్గుల్లా పదే పదే వచ్చే గోడలూ మెట్లూ గీయడానికి అవి చాలు, మనిషి ముఖానికి చాలవు. అదే కింద, పైన నల్లపట్టీలు వేసి నడుమ సన్నని బొమ్మ పెడితే పలకలు కలిసొస్తాయి, చూసేవాడికి సినిమాస్కోప్ తెర చూసినట్టూ ఉంటుంది. పొదుపే సొగసైంది. కదిలేది కూడా కొద్దిగానే, కళ్లో, జుట్టో. మిగతాది మనమే ఊహించుకుంటాం.

ఇంత దండిగా బొమ్మలు దాచాలంటే క్యాసెట్ పెద్దదవ్వాలి. సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లయితే, ఇది 256. అందులో సగం బొమ్మలకే. క్యాసెట్‌లోని ఒక చిప్ ఆ బొమ్మల పుస్తకానికి పేజీలు తిప్పుతూ, కావలసినవి మాత్రం యంత్రానికి చూపిస్తుంది.

చివరి ఘట్టంలో వరసగా ముగ్గురు ప్రధాన శత్రువులు. వాళ్లలో ఎవరి చేతిలో ఓడినా ఆట మనల్ని ఆ ఘట్టం మొదటికి విసిరేస్తుంది. మొదట ఇది ప్రోగ్రాంలో దొర్లిన తప్పు. చూసుకున్నాక కూడా దిద్దకుండా ఉంచేశారు. నన్నడిగితే అది మొండితనమే. కాకపోతే ఒక్క దయ చూపారు. మామూలు శత్రువుల చావును తెర దాటగానే మరచిపోయే ఈ ఆట, ఆ ముగ్గురిలో ఓడినవాణ్ని మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. వాడితో మళ్లీ తలపడక్కర్లేదు. వాడి తర్వాతివాడి దగ్గరికి వెళ్లే దారిలో మాత్రం గోతులన్నీ ఉన్నచోటే ఉంటాయి, డేగలూ ఉంటాయి.