ఆరంభించుట సులభము, ఆపుట కష్టము

తాండూరు స్టేషనులో రిజర్వేషను కిటికీ యెదుట నిలిచిన ప్రయాణికునికి తన బెర్తు లెక్క ఏ నగరములో నున్నదో తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. కంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థికి మాత్రము అది ఆలోచింపదగిన విషయమే.

వికారాబాదు, తాండూరుల మీదుగా పోవు వాడి–సికింద్రాబాదు రైలుమార్గము 1874 నాటిది. సీట్ల లెక్క పుస్తకములను వీడి కంప్యూటరులో చేరుట చాల తరువాతి మాట. 1985లో ఢిల్లీలో ఆరంభమైన ఈ పద్ధతి, 'కాన్సర్ట్' అను కొత్త ప్రోగ్రాముగా 1994లో మొదట సికింద్రాబాదున అమలైనది. 1999లో ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములైదును ఒకటిగా కలిసినవి. ఏ ప్రాంతపు బండ్ల లెక్క ఆ కేంద్రముననే యుండెడిది. అడుగువారెచ్చట నున్నను ప్రశ్న అచ్చటికే పోయెడిది. ఇట్లు పలుచోట్ల పంచియుంచిన సమాచారనిధినే డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేసు అందురు.

టిక్కెట్టు ఇచ్చుట చిన్న పని; క్షణములో ముగియును. విశ్లేషణ అట్లు కాదు. గత సంవత్సరము తాండూరున ఎక్కగోరి వెయిటింగు లిస్టులోనే మిగిలినవారెందరో తేల్చవలెననుకొందము. కోటా పెంచుమని అడుగుటకు మన ఊరివారికి ఆధారము అట్టి అంకెయే. అందుకు ఐదు కేంద్రములనూ వెదకవలెను. నిర్వాహక కంప్యూటరు ఆ పనికొక సంఖ్యనిచ్చి, ఫలానా క్షణమువరకు గల లెక్కనే చూడవలెనని అన్నిటికిని ఒకే హద్దు విధించును. ప్రతి కేంద్రము తన భాగమును తానే లెక్కించి మొత్తము మాత్రము పంపును. గ్రామ పహాణీలు గ్రామముననే యుండగా తహశీలు కచేరీకి గోష్వారా చేరినట్లన్నమాట. 'మీజాను' అనిన చాలును, ఉర్దూ శాఖ మిత్రులకు వేరే వివరింపనక్కరలేదు.

ఇంతవరకు సులభమే. ఉదయము పది గంటలకు తత్కాల్ రద్దీ మొదలగును. లెక్క ఇంకను సాగుచుండినచో యంత్రముల శక్తిని అదియే మింగివేయును. తెల్లవారుజామునుండి వరుసలో నిలిచినవాడు నష్టపోవును. కనుక దానిని ఆపవలెను. 'ఆగుడు' అను ఆజ్ఞ మూడు కేంద్రములకు చేరినది. తీగ తెగి నాలుగవదానికి చేరలేదు. అయిదవది అప్పటికే తన మొత్తమును పంపివేసినది. ఇప్పుడు పని ఆగినదా, సాగుచున్నదా?

అందుచేత ఆపుట ఒక మీట నొక్కుటగా గాక, సంభాషణగా నుండవలెను. ఆజ్ఞ నందుకొన్న కేంద్రము చేతిలోని బండి లెక్క ముగించి, ఎచ్చట ఆగినదో వ్రాసికొని, ఆక్రమించిన స్థలమును విడిచి, 'ఆగితిని' అని బదులు పంపవలెను. అందరి బదులు వచ్చువరకు పని 'ఆగుచున్నది' గాని 'ఆగినది' కాదు. వార్త చేరని కేంద్రము సంగతి యేమి? దానికి మొదటనే గడువుతో కూడిన అనుమతి నిచ్చి యుంచవలెను. నిర్వాహకుడు పొడిగింపనిచో గడువు తీరగానే తనంత తానే ఆగును. పునరారంభమున పాత పనిసంఖ్యనే వాడవలెను, లేనిచో అయిదవ కేంద్రపు మొత్తము రెండుమారులు కలియును.

అర్ధరాత్రి కొంతసేపు బుకింగునే మూసి దినాంతపు పనులు ముగించుకొనుట రైల్వే వారి పద్ధతి. మోటుదైనను నమ్మదగినది.

నాకు అన్నిటికన్న భయము గొలుపునది సగము మొత్తము. ఆగిన పని మిగిల్చిన అంకె చూచుటకు పూర్తి అంకెవలెనే యుండును. దానిని చూచిన అధికారి తాండూరున గిరాకీ తక్కువయని వ్రాసికొనవచ్చును. కావున అట్టి అంకెను చెరిపివేయవలెను. ఉంచదలచినచో దాని ప్రక్కనే 'ఐదింట మూడు కేంద్రముల లెక్క మాత్రమే' అని యంత్రమే వ్రాయవలెను.