గ్రామసభలో మన మాట



ఊళ్ళో డప్పు మోగుతుంది. "రేపు పొద్దున పది గంటలకు పంచాయతీ ఆఫీసు కాడ గ్రామసభ ఉంది. అందరూ రావాలె" అని చాటుతారు. ఇప్పుడు మైకులో చెబుతారు. సెల్‌ఫోన్‌లో కూడా చెబుతారు.

విని మనం ఏమంటాం? "మనకేం పని? మగవాళ్ళు పోతారులే" అంటాం.

నిజమే, మనకు తీరిక ఎక్కడిది? చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు ఊళ్ళలో తెల్లవారకముందే కూరగాయలు తెంపాలి. పూలు కోయాలి. పట్నం పోయే బండికి అందించాలి. ఆ తర్వాత వంట, పిల్లలు, కూలి పని. ఈ పనుల్లో పడి సభ సంగతి మరిచిపోతాం.

కాని మన నల్లా నీళ్ళు, మన వాడ మోరీ, వీధి దీపం, పింఛను, ఇల్లు - వీటి మాట వచ్చేది ఆ సభలోనే. మనం పోకపోతే మన మాట వేరేవాళ్ళు చెబుతారు. వాళ్ళకు తోచింది చెబుతారు. వాళ్ళ వాడకు నీళ్ళొస్తే ఊరంతా నీళ్ళొస్తున్నాయి అంటారు. అదే పుస్తకంలో రాస్తారు.

అందుకే సభకు పోవాలి. పోయి మాట్లాడాలి. ఎట్లా మాట్లాడాలి? ఇది నేర్చుకుంటే వచ్చే విద్యే. అక్షరాలు నేర్చుకోలేదా? ఇదీ అంతే.

గ్రామసభ అంటే ఎవరు?

పంచాయతీ వేరు. గ్రామసభ వేరు. పంచాయతీ అంటే సర్పంచు, ఉపసర్పంచు, వార్డు మెంబర్లు. గ్రామసభ అంటే ఊరి ఓటర్ల లిస్టులో పేరున్న వాళ్ళందరూ.

మీ పేరు ఆ లిస్టులో ఉందా? ఉంటే మీరు గ్రామసభ సభ్యులు. అందుకు ఎవరి దయా అక్కర లేదు. భూమి లేకపోయినా సభ్యులే. చదువు రాకపోయినా సభ్యులే. అత్త సభ్యురాలే, కోడలూ సభ్యురాలే.

1992లో మన రాజ్యాంగానికి 73వ సవరణ చేశారు. అది 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చింది. గ్రామసభకు రాజ్యాంగంలో చోటు దొరికింది. పంచాయతీల్లో ఆడవాళ్ళకు మూడో వంతు సీట్లు వచ్చాయి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. ఆ చట్టంలో ఆడవాళ్ళకు సగం సీట్లు ఉన్నాయి. రెండు నెలలకు ఒకసారి గ్రామసభ పెట్టాలని కూడా ఉంది. 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఊరూరా సర్పంచులను ఎన్నుకున్నాం. ఓటు వేయడంతో మన పని అయిపోలేదు. అడగడం మిగిలే ఉంది.

ఇంకో సంగతి. 2025లో చేవెళ్ల, మొయినాబాద్ మున్సిపాలిటీలు అయ్యాయి. మున్సిపాలిటీలో గ్రామసభ ఉండదు. వార్డుకు ఒక కౌన్సిలర్ ఉంటారు. చుట్టుపక్కల ఊళ్ళలో పంచాయతీలే ఉన్నాయి. ఎక్కడ ఉన్నా, నలుగురిలో మాట్లాడే పద్ధతి మాత్రం ఒకటే.

మాటకు బలం ఉందా?

ఉంది. నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. 1990 తర్వాత అక్కడి ఆడవాళ్ళు అక్షరాస్యత కేంద్రంలో చదువు నేర్చుకున్నారు. వాళ్ళ వాచకంలో సారా వల్ల పాడైన సంసారం కథ ఉంది. చదివి ఊరుకోలేదు. మన ఊళ్ళోనూ ఇదే గోస గదా అని మాట్లాడుకున్నారు. కలిసి కదిలారు. ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు.

ఆ మాట ఊరి నుంచి ఊరికి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయింది. 1995 జనవరిలో మద్యం అంతా నిషేధించారు. ఆ నిషేధాన్ని 1997లో సడలించారు. అయినా ఒక సంగతి తేలింది. ఒకరి ఇంట్లో ఏడుపు ఏడుపే. పదిమంది కలిసి చెబితే అది ఊరి మాట అవుతుంది.

సభకు పోయే ముందు

ముందుగా, ఏ సంగతుల మీద సభ పెట్టారో తెలుసుకోండి. పంచాయతీ కార్యదర్శిని అడగండి. వార్డు మెంబరును అడగండి.

తర్వాత మీ సంగతి ఒకటి ఎంచుకోండి. ఒకటే. నీళ్ళు, దీపం, పింఛను, రేషను అన్నీ ఒక్కసారే చెబితే ఏదీ నిలవదు. పది మాటలు కలిస్తే గోల అవుతుంది. ఒక మాట సూటిగా చెబితే పని అవుతుంది.

ఆ సంగతి ఒక చిన్న చీటీ మీద రాసుకోండి. నాలుగు ప్రశ్నలకు జవాబు రాస్తే చాలు.

ఎక్కడ? ఎప్పటి నుంచి? ఎంతమందికి కష్టం? ఏం చేయాలి?

ఒక ఆవిడ సభలో లేచి ఇట్లా అన్నదనుకుందాం: "మా దిక్కు ఎవ్వరు చూస్తలేరు. నీళ్ళు లేవు. మేం మనుషులం కాదా?" ఆమె బాధ నిజమే. కాని విన్నవాళ్ళు ఏం రాసుకోవాలి? ఏం చేయాలి?

ఇంకో ఆవిడ ఇట్లా అన్నదనుకుందాం: "మాది మూడో వార్డు. బడి వెనక గల్లీలో 22 ఇండ్లు ఉన్నయి. ఇరవై రోజుల సంది నల్లా వస్తలేదు. బడి మూల మీద పైపు పగిలింది. ఈ వారంలో పైపు మార్చాలె. అప్పటిదాకా ట్యాంకరు పంపాలె."

చూశారా? రెండో మాటలో జవాబు చెప్పక తప్పదు.

ఇంకొకటి. ఇదే సంగతి ఇంతకుముందు ఎవరైనా అడిగారేమో కనుక్కోండి. అడిగి ఉంటే, అప్పుడు ఏమని రాశారో అడగండి. "పోయిన సభలో తీర్మానం రాసిన్రు. ఆ పని ఎందాక వచ్చింది?" అంటే ఆ మాట బరువు వేరు.

ఒంటరిగా పోవద్దు. పొదుపు సంఘంలో ముందు మాట్లాడుకోండి. సంఘంలో అందరూ కలిసి పోండి. ఒకరు మాట్లాడాలి. మిగతావాళ్ళు తోడుగా నిలబడాలి.

సభలో కూర్చున్న తర్వాత

గోడ పక్కన, గుంపు వెనక కూర్చోవద్దు. అక్కడ కూర్చుంటే మన మాట వినపడదు, వాళ్ళ మాటా మనకు వినపడదు. ముందుకు వచ్చి కూర్చోండి.

మొదట వినండి. సభ ఎట్లా నడుస్తుందో చూడండి. ఎవరి తర్వాత ఎవరు లేస్తున్నారో గమనించండి. మొదటిసారి పోతే విని వచ్చినా తప్పు లేదు. రెండోసారికి ధైర్యం వస్తుంది.

మీ వంతు వచ్చినప్పుడు లేచి నిలబడండి. పేరు చెప్పండి. వార్డు చెప్పండి. చీటీ చూసి చదవండి. చీటీ చూడడం చిన్నతనం కాదు. మంత్రులు కూడా కాగితం చూసే చదువుతారు.

ఎవరైనా "ఆడదానివి, నీకెందుకు?" అనవచ్చు. కోపం తెచ్చుకోవద్దు. భయపడి కూర్చోవద్దు. "అన్నా, నేను కూడా ఈ సభల సభ్యురాలినే. నా మాట అయిపోనియ్యి. తర్వాత నువ్వు చెప్పు" అనండి. మళ్ళీ చీటీలో ఆపిన చోట నుంచి మొదలుపెట్టండి.

మనిషిని తిట్టొద్దు. పనిని అడగాలి. "సర్పంచు దొంగ" అంటే తగాదా అవుతుంది. పని పక్కకు పోతుంది. "సారూ, మోరీ పనికి ఎంత వచ్చింది? ఎంత ఖర్చయింది? లెక్క చదవండి" అంటే లెక్క చెప్పాలి.

నలుగురిలో చెప్పేది ఉంటుంది, చెప్పకూడనిది ఉంటుంది. పక్కింటి వాళ్ళ రోగం, వాళ్ళ సంసారం సభలో మాట్లాడొద్దు. మీ ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు గట్టిగా చదవొద్దు. ఇంట్లో మొగుడు కొడుతుంటే సభలో చెప్పుకోవలసిన అవసరం లేదు. 181 నంబరుకు ఫోన్ చేయవచ్చు. సఖి కేంద్రానికి పోవచ్చు.

రెండు దిక్కుల మాట వినాలి

మన దారి సంగతే చూడండి. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా రోడ్డు ఉంది. సుమారు 46 కిలోమీటర్లు. ఆ రోడ్డు పక్కన వందల మర్రిచెట్లు ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేయాలంటే చెట్ల మాట వచ్చింది. చెట్లు కొట్టొద్దని కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోయారు.

2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సు, కంకర టిప్పరు ఢీకొన్నాయి. 19 మంది చనిపోయారు.

రోడ్డు వెడల్పు కావాలి అనేవాళ్ళు ఎందుకు అంటున్నారు? పిల్లలు బతికి ఇంటికి రావాలని. చెట్లు ఉండాలి అనేవాళ్ళు ఎందుకు అంటున్నారు? తాతల నాటి నీడ పోకూడదని. ఇద్దరిదీ ప్రేమే. ఒకరు ఇంకొకరిని వెక్కిరిస్తే దారి దొరకదు. చెట్టును వేళ్ళతో తీసి వేరే చోట నాటవచ్చా? చెట్టు ఉన్న చోట దారి మలపవచ్చా? ఇట్లా అడిగితే మాట ముందుకు పోతుంది.

పెద్ద రోడ్డు పని గ్రామసభ చేతిలో ఉండదు. కాని మన ఊరి మలుపు దగ్గర ప్రమాదం ఉంది, బోర్డు పెట్టండి అని తీర్మానం చేసి పై ఆఫీసుకు పంపవచ్చు.

రాత లేనిదే మాట నిలవదు

ఇది అన్నిటికంటే ముఖ్యం. సభలో అన్న మాట గాలికి పోతుంది. పుస్తకంలో రాసిన మాట ఉంటుంది.

మీరు మాట్లాడిన తర్వాత కార్యదర్శిని అడగండి: "సారూ, నేను చెప్పింది రాసిన్రా? ఒకసారి చదవండి." అందరూ వినేటట్టు చదివించండి.

చివరకు పుస్తకం మన దగ్గరికి వస్తుంది. "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటారు. ఇదివరకు వేలిముద్ర వేసి వచ్చేవాళ్ళం. పైన ఏం రాసి ఉందో మనకు తెలిసేది కాదు. ఇప్పుడు మనకు అక్షరం వచ్చింది. కూడబలుక్కుని అయినా చదవండి. ఆలస్యం అయితే కానీయండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. సంతకానికీ రాతకూ నడుమ ఖాళీ జాగా ఉంటే గీత కొట్టించండి. మనం అనని మాట ఉంటే, "ఇది నేను అనలేదు" అని చెప్పండి.

చదివి వినిపిస్తే ఏమవుతుంది? ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. ఆ పనుల మీద మన రాష్ట్రంలో 2006 నుంచి సామాజిక తనిఖీలు చేశారు. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత కూలి ఇచ్చారు అని కాగితాలు కూలీల ముందు చదివారు. పని చేయని వాళ్ళ పేర్లు ఎక్కడైనా ఎక్కితే అట్లా బయటపడ్డాయి.

2025 జనవరి 21 నుంచి 24 దాకా తెలంగాణలో ఊరూరా గ్రామసభలు పెట్టారు. రైతు భరోసా, ఇందిరమ్మ ఇండ్లు, రేషన్ కార్డులు, కూలీల ఆత్మీయ భరోసా - వీటి లిస్టులు చదివారు. పేరు లేనివాళ్ళు అక్కడే మళ్ళీ దరఖాస్తు ఇచ్చారు. 

దరఖాస్తు ఇస్తే రసీదు తీసుకోండి. తేదీ చూడండి. ఇంట్లో దాచుకోండి.

పని కాకపోతే?

వచ్చే సభలో మళ్ళీ అడగండి. తీర్మానం తేదీ చెప్పి అడగండి. అయినా కాకపోతే మండలంలో ఎంపీడీఓ గారికి కాగితం ఇవ్వండి. సోమవారం కలెక్టరు ఆఫీసులో ప్రజావాణి ఉంటుంది. అక్కడ ఇవ్వండి. లెక్కలు చూపకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

పని అయితే ఆ మాట కూడా సభలో చెప్పండి. "నల్లా వచ్చింది, మంచిగ చేసిన్రు" అనండి. అడగడం ఎంత అవసరమో, అయిన పనిని అయిందని చెప్పడం అంత అవసరం.

గుర్తుంచుకోండి

ఓటరు లిస్టులో పేరుంటే గ్రామసభ మనది.
ఒకసారి ఒకటే సంగతి అడగాలి.
ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎంతమందికి, ఏం చేయాలి - ఈ నాలుగూ చెప్పాలి.
తిట్టొద్దు. లెక్క అడగాలి.
చదవకుండా సంతకం పెట్టొద్దు.

మీరు మాట్లాడుకోండి

మీ ఊళ్ళో పోయిన గ్రామసభ ఎప్పుడు జరిగింది?
ఆ సభకు ఆడవాళ్ళు ఎంతమంది పోయారు? ఎంతమంది మాట్లాడారు?
వచ్చే సభలో మీ వాడ నుంచి అడగవలసిన ఒక్క సంగతి ఏది? దానిని నాలుగు వాక్యాల్లో కింద రాయండి.