సంఘపు మెట్లు – వికలాంగ సభ్యులు

కృష్ణా డెల్టాలో వరదభయముచేత సంఘభవనములను ఎత్తైన అరుగులపై కట్టుట మేము పలు గ్రామములలో చూచుచున్నాము. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచుట ఎరిగినవారు దీనిని తప్పనజాలరు. కాని మెట్లెక్కలేని సభ్యుడు ఎరువునకును, అప్పునకును తన కాగితములను మరియొకని చేతికియ్యవలసివచ్చుచున్నది. మహాజనసభలో అతని మాట వినబడదు. భూమి తనదైనను పెత్తనము పరులదగుచున్నది.

వికలాంగుల సంఘములవారు కోరునది దయ గాదు, దారి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సహకార సంఘములను సైతము పేర్కొన్నది. ప్రజలు వచ్చుపోవు పాత భవనములను సరిదిద్దుటకు, 2017 జూన్‌లో నియమములు వెలువడినది మొదలు 5 ఏండ్ల గడువిచ్చినది. అది 2022లోనే తీరినది.

పని కష్టమైనది కాదు. అడుగు ఎత్తునకు 12 అడుగులకు తగ్గని పొడవున వాలుబాట కట్టవలెను. 2 అడుగుల అరుగునకు 24 అడుగులు. కాలువ వాలు ఎరిగిన రైతునకు ఇది క్రొత్త లెక్క గాదు. స్థలము చాలనిచో బాటను మలుపు త్రిప్పి, మలుపువద్ద సమతలము విడువవలెను. నున్నని గచ్చు వానకు జారును గాన పనికిరాదు. ఇరుప్రక్కల పట్టుకమ్ములుండవలెను. ఆ బాటపై ఎరువుబస్తాల తోపుడుబండియు నెక్కును, ముదుసలి సభ్యుడును ఎక్కును.

రాబోవు మహాజనసభలో ప్రతి సంఘమును ఈ తీర్మానము చేయవలెనని మేము కోరుచున్నాము. ఆ సభను మాత్రము మెట్ల క్రిందనే, అందరును రాగల చోట జరుపుడు.